కోఠిలో ఓ తెల్లదొర ప్రేమకోట!

ఈ కథ చెబితే ఏ నిర్మాతయినా అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేస్తాడు. హీరో ఇంగ్లీషు దొర. హీరోయిన్ హైదరాబాదు నవాబుల ఇంటి పిల్ల. అటు కలకత్తాలో గవర్నర్ జనరల్ మండిపడతాడు, దొరగారి మీద విచారణ వేయిస్తాడు. అయినా పెళ్లి ఆగదు! ఇది మద్రాసు హోటల్ గదిలో కూర్చుని ఎవరో అల్లిన కథ అనుకునేరు. 1800 ప్రాంతంలో అక్షరాలా జరిగింది. పైగా సెట్టింగు కూడా ఇంకా నిలబడే ఉంది. ఎక్కడ? రోజూ వేలమంది బస్సులు మారే కోఠిలో!

హీరో పేరు జేమ్స్ ఎకిలిస్ కిర్క్‌పాట్రిక్. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు. హీరోయిన్ ఖైరున్నీసా బేగం. దొరగారు ఫారసీ మాట్లాడేవాడు, ఇక్కడి దుస్తులే వేసేవాడు.

ఆ రెసిడెంటుగారే మూసీ ఒడ్డున భవనం కట్టుకుంటానని స్థలం ప్లాను నిజాంకు పంపాడట. నిజాం ససేమిరా అన్నాడట. కారణం తెలిస్తే నవ్వొస్తుంది. కాగితం మరీ పెద్దది! తన రాజ్యం మొత్తం మ్యాపు ఎంతుంటుందో ఇదీ అంత ఉంది, ఇంత భూమి ఎట్లా ఇస్తానని అనుమానం. దొర తెలివైనవాడు. అదే ప్లాను చిన్న అట్టముక్క మీద గీయించి మళ్లీ పంపాడు. వెంటనే మంజూరు! మన రమణారెడ్డి, రేలంగి ఉంటే ఈ సీను ఎంత పండించేవారో కదా.

1803లో పని మొదలైంది. ప్లాను గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. ముందు ఆరు పెద్ద స్తంభాలు, విశాలమైన మెట్లు, అటూ ఇటూ రాతి సింహాలు... అమెరికా వైట్‌హౌస్‌ను ఫోటోలో చూసినవాళ్లకు ఇది దాని తోబుట్టువులా కనిపిస్తుంది.

కాని ఇల్లు పూర్తిగా అనుభవించే రాత దొరకు లేదు. 1805 అక్టోబరులో కలకత్తాలో కన్నుమూశాడు. పిల్లలిద్దరినీ అదే సంవత్సరం ఇంగ్లండు ఓడ ఎక్కించారు. తల్లి మళ్లీ వాళ్ల మొహం చూడలేదు. 1813లో ఆమె కూడా పోయింది, మూడు పదులైనా నిండకుండా. ఆమె కోసం దొర కట్టించిన రంగమహల్‌ను 1860లో ఆ తర్వాతి ఇంగ్లీషువాళ్లే కూలగొట్టించారు. విక్టోరియా రాణిగారి కాలం మరి! దొర ఇంట్లో జనానా ఉండటం వాళ్లకు నామోషీ.

మిగిలింది తోటలో ఓ చిన్న బొమ్మ మేడ. పరదాలో ఉండే బేగం పెద్ద భవనం ముందుభాగం చూడలేదు గనక ఆమె కోసం దొర చేయించిన నమూనా అని చెప్పుకుంటారు.

ప్రేమకథతో పాటు పోరాటం కూడా ఉందండోయ్. 1857 జూలై 17న తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం ఈ రెసిడెన్సీ మీద విరుచుకుపడ్డారు. మౌల్వీని అండమాన్ పంపారు. తుర్రెబాజ్‌ఖాన్ జైలు నుంచి తప్పించుకున్నా 1859లో తూప్రాన్ దగ్గర చంపేశారు. నిజామాబాదు నుంచి పట్నం పోయే దారిలోని తూప్రానే! సిరికొండ నుంచి బయల్దేరే మనం ఆ ఊరు ఎన్నిసార్లు దాటి ఉంటాం?

తెల్లవాళ్లు వెళ్లిపోయాక 1949లో ఇక్కడికి ఉస్మానియా మహిళా కాలేజీ వచ్చింది. నిజం చెప్పాలంటే ఆడపిల్లల చదువే ఈ మేడను కాపాడింది. ఖాళీగా ఉంటే ఏ కాంట్రాక్టరు చేతిలోనో పడి ఉండేది. అయినా వానలకు కప్పు కారి, గోడలు ఉబ్బి, పెచ్చులూడి పాడైపోసాగింది. 1990ల చివర విలియం డాల్‌రింపుల్ అనే రచయిత ఇక్కడికి వచ్చి, ఈ కథ వెంటబడి, 2002లో ‘వైట్ మొఘల్స్’ పుస్తకం వేశాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే న్యూయార్క్‌లోని వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ఈ భవనాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. అప్పట్నుంచి మరమ్మతులు ఆగుతూ సాగుతూ, 2023 జనవరిలో గాని మళ్లీ తలుపులు తెరుచుకోలేదు. ఇరవయ్యేళ్లు! మన సినిమాల్లో హీరో చిన్నప్పుడు తప్పిపోయి పెద్దయి తిరిగొచ్చేంత కాలం.

పాత కట్టడాల బాగుచేత సిమెంటుతో అయ్యే పని కాదు. సిమెంటు పూస్తే గోడలోని చెమ్మ బయటికి రాదు, లోపల్లోపలే తినేస్తుంది. గచ్చు సున్నమే కావాలి. పూర్వం మేస్త్రీలు ఆ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపేవాళ్లు. చెరకు పండించే బోధన్ వాళ్లకు ఈ ముక్క వింటే గర్వంగా ఉంటుంది!

2022లో ఆ కాలేజీ మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దొరల మీద తిరగబడ్డ ఐలమ్మ పేరు, దొరగారి మేడ గేటుకు... ఈ క్లైమాక్సు ఏ రచయితకు తట్టేది?

మన జిల్లాకు వస్తే, నిజామాబాదు ఖిల్లా జైలు ఉంది. తర్వాత ‘వాగ్దానం’, ‘ఇద్దరు మిత్రులు’ సినిమాలకు పాటలు రాసిన దాశరథిగారు, 1948లో ఆ జైల్లో బొగ్గుముక్కతో గోడల మీద పద్యాలు రాశారు. అధికారులు చెరిపిస్తే మళ్లీ రాసేవారట. బోధన్‌లో 1937 నాటి చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. కోఠి మేడకు కాలేజీ దొరికింది. వీటికి ఎవరు దొరుకుతారో?