ఇంటి పెద్దదిక్కు: కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారు



మన కుటుంబములలో పురుషుల చరిత్ర కాగితములపై నిలుచును. స్త్రీల చరిత్ర వారి చేతియన్నము తిన్నవారి జ్ఞాపకములో నిలుచును. తాతగారు ఏ యేట భూమి కొనిరో దస్తావేజు చెప్పును. ఆ భూమి కొనుటకై అమ్మమ్మ యే నగ వదలుకొన్నదో చెప్పు కాగిత ముండదు. ఆమె చేతియన్నము తిన్న తరము గడచిపోగానే ఆమె మాట యెత్తువారే యుండరు. కడుపున బిడ్డలు లేకయే ఎందరికో తల్లియై, ఒక పెద్ద కుటుంబమునకు దిక్కై నిలిచిన యొక యిల్లాలిని నే డిచట స్మరింప దలచితిని. ఆమె వీరేశలింగము పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు. పంతులుగారి పేరు మన పిల్లలకు పాఠ్యపుస్తకములవలన తెలియును. ఆమె పేరు తెలిసిన పిల్ల లెందరు?

రాజ్యలక్ష్మమ్మగారు 1851వ సంవత్సరమున రాజమహేంద్రవరము చెంతనున్న కాతేరు గ్రామమున జన్మించిరి. పుట్టింటి పేరు బాపమ్మ. 1861లో వివాహమగునాటికి వరునకు పదుమూడేండ్లు; వధువు పసిపిల్ల. అత్తవారింట ఆమె రాజ్యలక్ష్మి యయ్యెను. ఆమె అడుగిడిన యిల్లు వైధవ్యమన నేమో యెరిగిన యిల్లు. అత్తగారు నాలుగేండ్ల కుమారుని చేతబట్టుకొని భర్తను గోల్పోయినవారు. కావున వితంతువు బ్రతుకు ఆ కోడలికి గ్రంథములలో చదివినది కాదు. దినదినము కన్నుల యెదుట చూచినదే. అక్షరములు మాత్రము భర్తయే నేర్పెను.

ఆయన ఉపాధ్యాయుడు. ధవళేశ్వరమున బడి నడపుచు, 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించి, బాలికలకు పాఠశాల తెరచెను. తరువాత రాజమహేంద్రవరమున తెలుగుపండితు డయ్యెను. ఉపాధ్యాయుని యింట కాపురము చేయుచున్న నాకు ఇందలి సాధకబాధకములు కొంత తెలియును. నెలకు వచ్చు జీత మొక్కటియే. గడప త్రొక్కువారు పదుగురు. మాటలాడుచుండగా ప్రొద్దు గ్రుంకును. మిత్రుల నాకటితో పంపరాదు. పత్రికకు వ్రాత యొకచోట జరుగును, వంట యొకచోట జరుగును. రెంటికిని దీపపు నూనె ఒక్క సీసానుండియే రావలెను.

వితంతువుల పునర్వివాహము చెల్లునని 1856లోనే పదునైదవ చట్టము పుట్టినది. కాని చట్టము పీటలు వేయదు, కట్నకానుకలు చదివింపదు, పెండ్లివారికి వండి వడ్డింపదు. అది పుట్టిన యిరువదియైదేండ్లకు, 1881 డిసెంబరు 11వ తేదీని, పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము చేసిరి. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. నాలుగు దినములలోనే రెండవ వివాహమును జరిగెను. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి, విద్యార్థులు తోడునిలిచిరి. అంతట బహిష్కారము వచ్చిపడెను.

బహిష్కార మన నేమో నేటి యువతులకు ఊహకందకపోవచ్చును. అది కొట్టుట కాదు, తిట్టుట కాదు. పురోహితుడు రాడు. బంధువు శుభమునకు పిలువడు, అశుభమునకు రాడు. వంటబ్రాహ్మణుడు చెప్పక మానివేయును. నీళ్లు మోయువాడు కావడి దింపి పోవును. ఇవన్నియు పేరునకు యజమానునిపై విధించిన శిక్షలు; అనుభవించునది ఇల్లాలు. పురోహితుడు లేనిచో పంతులుగారు శాస్త్రములు చూచుకొనగలరు. వంటవాడు లేనిచో పొయ్యి యెవరు రగిలింతురు?

రాజ్యలక్ష్మమ్మగారు రగిలించిరి. బిందె చంకనెత్తుకొని గోదావరికి పోయి తామే నీళ్లు తెచ్చిరి. పెండ్లివారికి తామే వండి వడ్డించిరి. ఒక బిందె నీరు ఎంతమందికి సరిపోవునో, పెండ్లి యింట దినమున కెన్ని బిందెలు కావలెనో మన యాడువారికి ఎవ్వరును లెక్క చెప్ప నక్కరలేదు. రేవు మెట్లెక్కునపుడు ఎదురైన పొరుగువారు మొగము త్రిప్పుకొనిపోవుచుండగా మోసిన బిందె మరింత బరువుగా నుండియుండును. ఆమె ఒక్క పూట ఆ బిందె దింపి పుట్టింటికి పోయినచో ఆ పెండ్లిండ్లు ఆగిపోవు ననుట అతిశయోక్తి గాదు. పంతులుగారు తమ జీవితమున నలుబదికి చేరువగా ఇట్టి వివాహములు చేయించిరని చెప్పుదురు. ఆ పెండ్లిండ్ల వెనుక నున్న వంటల లెక్క ఎవ్వరును వ్రాయలేదు.

వంటకంటెను కష్టమైనది మరియొకటి గలదు. పునర్వివాహమునకు వచ్చు బాలిక తనవారి నందరిని విడిచి, రాత్రికి రాత్రి క్రొత్త యూరు చేరిన పిల్ల. ఆమె కన్నీరు తుడుచుటకు ఉపన్యాసము పనికిరాదు. తల దువ్వి జడవేయు చేయి కావలెను. భయపడిన రాత్రి ప్రక్కన పరుండు పెద్దదిక్కు కావలెను. పెండ్లియైన పిమ్మట ఆమెకు పుట్టిల్లు మూసిన తలుపే. పండుగకు, పురుటికి పోవలసిన గడప పంతులుగారిదే. పిమ్మట మదరాసునను రాజమహేంద్రవరమునను వితంతు శరణాలయములు వెలసినపుడు ఆ తల్లి కుటుంబము మరింత పెరిగెను.

1906లో హితకారిణీ సమాజము ఏర్పడినది. పంతులుగారు తమ యాస్తిని ఆ సమాజమునకు సమర్పించిరి. ఈ మాట చదువునపుడు మనము క్షణకాల మాగవలెను. సంతానము లేని స్త్రీకి వార్ధక్యమున ఇల్లును, పొలమును గాక మరి యాధార మేమి? అట్టి యాస్తి పరుల బిడ్డల కగుచుండగా త్యాగము చేసినవా రొక్కరే యని యెట్లనగలము? దానపత్రమున భర్త పేరుండును. ఆ దానము వలని లేమి ఇద్దరిదియు.

1910 ఆగస్టు 11వ తేదీని రాజ్యలక్ష్మమ్మగారు పరమపదించిరి. పంతులుగారు మరి తొమ్మిదేండ్లు జీవించి, 1919 మే 27వ తేదీని మదరాసున గతించిరి. రాజమహేంద్రవరమున వారి యిల్లు స్మారకముగా రక్షింపబడి యున్నది. చూడబోవు సోదరీమణులు పంతులుగారికి నమస్కరించిన పిమ్మట, ఆ యింటిలో నీళ్లు మోసిన తల్లినిగూడ తలచుకొందురు గాక.

రాజ్యలక్ష్మమ్మగారిని గూర్చి మనకు తెలిసినది ముఖ్యముగా భర్తగారి వ్రాతలవలననే. పంతులుగారు స్వీయచరిత్ర వ్రాసిరి గనుక ఆ యిల్లాలి పేరు మిగిలెను. వ్రాయుభర్త లేని యిల్లాండ్ర గతి యేమి? మన యిండ్లలోని పెద్దమ్మలు, నాయనమ్మలు, మేనత్తలు బిందెలు మోయలేదా? వరదనాడు పొరుగువారికి గంజి పోయలేదా? తల్లిలేని బిడ్డలను చేరదీయలేదా?

కావున సోదరీమణులారా, ఒక చిన్న పని చేయుడు. ఒక నోటుపుస్తకము తీసి, మీ యింటి పెద్దావిడ యొద్ద కూర్చుండుడు. ఏ యూర పుట్టెనో, పుట్టింట నేమని పిలిచిరో, కాపురమునకు వచ్చునాటి కెన్ని యేండ్లో, ఆమె చేతియన్నము తిని పెద్దవారైన పరాయిబిడ్డ లెవ్వరో అడిగి వ్రాసికొనుడు. ఆమె "నాదేముందమ్మా చెప్పుటకు" అనును. ఆ మాట నమ్మవలదు. ప్రక్కనే చిక్కుడుకాయల బుట్ట పెట్టుకొని, కాయలు వలచుచు, మెల్లగా మరల నడుగుడు. ఆమె చెప్పును.