ఎడారి ఎత్తుల్లో బంతి ఎందుకంత దూరం పోతుంది?

అమెరికాలోని న్యూ మెక్సికోలో ఆల్బుకెర్కీ అనే ఎడారి నగరం ఉంది. సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తు. డబ్బు కట్టి ఎవరైనా ఆడుకోగల గోల్ఫ్ మైదానాలు అక్కడున్నాయి. తీరప్రాంతం నుంచి వచ్చినవాళ్లు తొలి దెబ్బకే కంగుతింటారు. బంతి జెండా దాటి పొదల్లో పడుతుంది మరి!

ఎందుకు? అక్కడ గాలి సాంద్రత తీరంలో కంటే సుమారు 15 శాతం తక్కువ. అడ్డుకునే గాలి తగ్గితే బంతి దూసుకుపోదూ!

పొడిగాలి మహిమ అనుకునేరు. నీటిఆవిరి నైట్రోజన్, ఆక్సిజన్‌ల కంటే తేలిక. కాబట్టి పొడిగాలే కాస్త బరువు.

ఇంకో తమాషా ఉంది. వెనక్కి గిర్రున తిరుగుతూ వెళ్లే బంతిని దాని మీది వందలాది చిన్న గుంటలు గాలిలో నిలబెడతాయి. పలచటి గాలిలో ఆ ఊతం తగ్గుతుంది, పక్కకు వంపు తిరగడమూ తగ్గుతుంది. గురి కుదరనివాళ్లకు అదృష్టమే.

మొత్తం మీద బంతి ఎక్కువ దూరమే పోతుంది కాబట్టి, అక్కడ 150 గజాల దెబ్బకు, తీరంలో సుమారు 140 గజాలకు వాడే క్లబ్బునే తీస్తారు.