లాగుడు మీద నిలిచే చక్రం

హైదరాబాదులోని పురానాపూల్ వంతెనను 1578లో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టారు. దాని 22 కమానులు 1908 నాటి మూసీ వరదను కూడా తట్టుకుని నిలిచాయి. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది. ఆ నొక్కుడే వంతెనకు బలం. ఎడ్లబండి చక్రానిదీ ఇదే సూత్రం. బరువు ఇరుసు మీది నుంచి చక్రం నడిమి కుండలోకి, కుండ నుంచి కింది ఆకులోకి (కర్ర ఊచలోకి), అక్కడి నుంచి అంచున ఉండే పూటీలోకి దిగుతుంది. అందుకే ఆకులు అంత లావుగా చెక్కేవారు.

ఇప్పుడు ఆ వంతెన మీద కూరగాయల అంగళ్లు నడుస్తున్నాయి. అక్కడ సంచులు నింపుకుని ఇంటికి వెళ్లే ఎలక్ట్రిక్ సైకిలు వెనక చక్రాన్ని చూడండి. అందులో ఉన్నవి రెండు, రెండున్నర మిల్లీమీటర్ల మందం తీగలు. ఒక తీగను నిలబెట్టి పైనుంచి నొక్కితే వంగిపోతుంది. అవే తీగలు మనిషినీ బ్యాటరీనీ మోటారునూ కలిపి మోస్తున్నాయి. ఎలాగో తెలిస్తే, విరిగిన చక్రాన్ని ఇంట్లోనే మళ్లీ కట్టుకునే ధైర్యం వస్తుంది.

ఇంగ్లండుకు చెందిన జార్జ్ కేలీ 1808లో ఎగిరే యంత్రం గురించి ఆలోచిస్తూ, చక్రం తేలికగా ఉండాలంటే ఆకులను నొక్కుడు మీద కాకుండా లాగుడు మీద పని చేయించాలని గ్రహించాడు. తీగ నొక్కితే వంగుతుంది కానీ లాగితే మహా గట్టిది. 1869లో పారిస్‌లో యూజీన్ మేయర్ తీగల చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1874లో జేమ్స్ స్టార్లీ తీగలను హబ్‌కు (నడిమి కుండకు) నిలువుగా కాకుండా ఏటవాలుగా, ఒకదాని మీదుగా ఒకటి దాటేలా అల్లాడు. పెడల్ తొక్కిన బలం మెలి తిరగకుండా నేరుగా రిమ్‌కు అందింది. నేటికీ మన సైకిళ్లలో ఉన్నది ఆ అల్లికే.

మామూలు చక్రంలో ఒక్కో స్పోకును, అంటే తీగను, సుమారు 100 కిలోల బరువు వేలాడదీసినంత బిగిస్తారు. 36 స్పోకులు కలిసి రిమ్‌ను 3,600 కిలోల బలంతో లోపలికి లాగుతుంటాయి. మనం ఎక్కి కూర్చోగానే నేలను తాకే చోట రిమ్ కొద్దిగా అణుగుతుంది. అక్కడి రెండు మూడు స్పోకుల బిగువు తగ్గుతుంది. మిగతావాటిలో మార్పు చాలా స్వల్పం. జాబ్‌స్ట్ బ్రాండ్ట్ 1981లో చక్రం మీద రాసిన పుస్తకంలో ఈ సంగతిని లెక్కలతో నిరూపించాడు. కాబట్టి చక్రం ప్రాణమంతా ముందుగా పెట్టిన ఆ బిగువులోనే ఉంది. బరువు పడినప్పుడు తగ్గడానికి బిగువంటూ ఉంటేనే చక్రం నిలుస్తుంది.

ఇక మోటారు సంగతి. అమెరికాలోని ఒహాయోకు చెందిన ఆగ్డెన్ బోల్టన్‌కు 1895 డిసెంబరు 31న ఒక పేటెంటు వచ్చింది. వెనక చక్రం హబ్‌లోనే మోటారు, సైకిలు మధ్యలో 10 వోల్టుల బ్యాటరీ. రూపకల్పన అప్పుడే ఉన్నా, అది జనంలోకి రావడానికి వందేళ్లు పట్టింది. బోల్టన్ మోటారులో కరెంటును అందిస్తూ అరిగిపోయే బ్రష్‌లు ఉండేవి. 1962లో విల్సన్, ట్రికీ అనే ఇంజనీర్లు బ్రష్‌ల పనిని ఎలక్ట్రానిక్ స్విచ్‌లకు అప్పగించారు. 1980లలో నియోడిమియం అయస్కాంతాలు వచ్చి చిన్న మోటారుకు పెద్ద బలాన్నిచ్చాయి. మన దేశంలో 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న సైకిలును నిబంధనలు మోటారు వాహనంగా లెక్కించవు. దాంతో లైసెన్సు లేనివారికీ ఈ చక్రం అందుబాటులోకి వచ్చింది.

అయితే మోటారు వచ్చాక స్పోకులకు కష్టకాలం మొదలైంది. హబ్ పెద్దదైతే స్పోకు పొట్టిదవుతుంది. 26 అంగుళాల మామూలు చక్రంలో స్పోకు పొడవు దాదాపు 260 మి.మీ. పెద్ద మోటారు ఉన్న చక్రంలో అది 165 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. 100 కిలోల లాగుడుకు 2 మి.మీ. మందం ఉన్న పొడుగు స్పోకు 0.4 మి.మీ. సాగుతుంది. బలంగా ఉంటుందని వేసే 2.6 మి.మీ. లావు పొట్టి స్పోకు సాగేది 0.16 మి.మీ. మాత్రమే. గుంతలో పడి రిమ్ అంతకంటే ఎక్కువ అణిగితే స్పోకు పూర్తిగా వదులవుతుంది, మరుక్షణం మళ్లీ బిగుస్తుంది. ఇలా వేలసార్లు జరిగేసరికి హబ్ దగ్గరి వంపులో లోహం అలసిపోతుంది. విరిగిన ముక్కను వెలుతురులో పెట్టి చూడండి. విరుపులో ఒక భాగం నున్నగా, నల్లబారి ఉంటుంది. అది మెల్లగా పాకిన పగులు. మిగిలిన భాగం గరుకుగా మెరుస్తుంది. అది చివరి గుంతలో పుటుక్కుమన్న చోటు. లావు స్పోకు వేస్తే చక్రం గట్టిపడుతుందన్న నమ్మకం అందుకే తప్పు. మోటారు చక్రానికి 2 నుంచి 2.3 మి.మీ. స్పోకే మేలు.

ఇక పనిలోకి దిగుదాం. ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి. ఇరుసు దగ్గరి వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసుకోవాలి. హబ్ మోటారులో ఇరుసు తిరగదు, పెంకు తిరుగుతుంది. ఇరుసును పట్టి ఉంచేవి దాని చదును పక్కలు, ఆ వాషర్లే. అవి సరిగ్గా కూర్చోకపోతే ఇరుసే తిరిగి, లోపలికి పోయే వైర్లన్నిటినీ తెంపేస్తుంది.

ఒక్క స్పోకే విరిగితే దాన్ని మార్చి బెండు తీస్తే చాలు. వరసగా మూడు నాలుగు పోయాయంటే మిగతావీ అలసిపోయినట్టే, అన్నీ మార్చాలి. స్పోకులన్నీ వదులు చేసి రిమ్‌ను చదును బండ మీద పెట్టండి. అప్పుడూ ఒక పక్క పైకి లేస్తుంటే ఆ రిమ్ ఇక పనికిరాదు. కొత్త స్పోకుల పొడవు కోసం రిమ్ లోపలి కొలత, హబ్ మీద ఎదురెదురు రంధ్రాల మధ్య దూరం, హబ్ రెండు అంచుల మధ్య దూరం కావాలి. సరైన కొలత దొరక్కపోతే పొడుగు స్పోకును కోసి మర వేసే మిషను ఉన్న సైకిలు షాపుకు వెళ్లాలి. పానాల కోసం గురువారాల్లో పురానాపూల్ దగ్గర సాగే జుమేరాత్ బజార్ ఉండనే ఉంది.

అల్లేటప్పుడు మామూలు సైకిలులా మూడు దాట్లు వేయకూడదు. పెద్ద హబ్ మీద అలా వేస్తే స్పోకు నిపుల్ (స్పోకును రిమ్‌కు బిగించే మర) దగ్గర వంగి రిమ్‌ను చేరుతుంది; ఆ వంపులోనే విరుగుతుంది. ఒక్క దాటు చాలు. మరలకు చుక్క నూనె రాసి, నిపుల్స్ అన్నీ ఒకే లోతుకు తిప్పాలి. సైకిలును తలకిందులు చేసి, చక్రాన్ని దానికి తగిలించి, ఫ్రేముకు ప్లాస్టిక్ టై కట్టి దాని కొసను రిమ్ దగ్గరికి తెస్తే అదే కొలబద్ద. రిమ్ కుడికి తగిలితే అక్కడి ఎడమ స్పోకులను పావు చుట్టు బిగించి, కుడివాటిని అంతే వదలాలి. తొందరపడి ఒకేసారి బిగిస్తే ఇంకో చోట బెండు పడుతుంది. నడుమనడుమ స్పోకులను వేలితో మీటి వినండి. ఒకే వైపు స్పోకులన్నీ వీణ తీగల్లా ఒకే స్థాయిలో పలికితే బిగువు సమంగా ఉన్నట్టు. చివరికి పక్కపక్క స్పోకులను జంటలుగా గుప్పిట పట్టి గట్టిగా నొక్కాలి. వంపులు తమ చోట సర్దుకుంటాయి. అప్పుడు మరోసారి బెండు చూడాలి.

మోటారునూ పరీక్షించాలి. కనెక్టర్ ఊడదీసి, మూడు లావు వైర్లలో రెండేసి కలిపి చక్రం తిప్పండి. మూడు జతల్లోనూ ఒకేలా బరువుగా తిరిగితే చుట్టలు బాగున్నట్టు. అయిదు సన్న వైర్లు అయస్కాంతాలను పసిగట్టే హాల్ సెన్సర్లవి. లావు వైర్లను విడదీసి, కనెక్టర్ మళ్లీ కలిపి, బ్యాటరీ పెట్టండి. ఎరుపు, నలుపు వైర్లకు 5 వోల్టులు అందుతుండగా చక్రాన్ని మెల్లగా తిప్పితే మిగతా మూడింటిలోనూ మీటరు సున్నాకూ అయిదుకూ మధ్య మారాలి. వైరు ఇరుసులోకి దూరే ముందు కొంచెం కిందికి వేలాడేలా కట్టండి. వాన నీరు మోటారులోకి పోకుండా అక్కడే జారిపోతుంది.

చక్రం దెబ్బతిందనగానే మొత్తం మార్చేయమనే సలహా తేలిగ్గా దొరుకుతుంది. రాగి చుట్టలూ అరుదైన లోహాల అయస్కాంతాలూ బాగానే ఉండగా, చవకైన ఉక్కు తీగలు తెగాయని అన్నిటినీ పారేయడం నిజమైన నష్టం. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ తెరిచింది. స్పోకు పొడవు, మందం, రిమ్ కొలత చక్రం మీదే ముద్రించేలా తయారీదార్లను అడగడం ఆ హక్కులో భాగం కావాలి. కట్టిన చక్రం మీద కొన్ని రోజులు తిరిగాక స్పోకులను మళ్లీ ఒకసారి మీటి, వదులైనవాటిని బిగించండి. కొన్నవారికి దొరకని నమ్మకం కట్టుకున్నవారికి దొరుకుతుంది. ఆ చక్రంలో ఏ తీగ ఎందుకు నిలిచిందో వారికి తెలుసు.