కీళ్లవాతము - కొలిచి చేయించుకొనవలసిన వైద్యము

నేతగాడు బట్టను చూచి "బాగున్నది" అని ఊరుకొనడు. పడుగు ఎన్ని పుంజాలో లెక్కిస్తాడు. పొడవు గజంతో కొలుస్తాడు. పేక పలుచబడినచోట వెంటనే సరిచేస్తాడు. కాని అదే నేతగాడు వేళ్ళు వాచి ఆసుపత్రికి పోయినప్పుడు, "ఎట్లున్నది?" అంటే "కొంచెం నయమండీ" అని చెప్పి పాత మాత్రలే తెచ్చుకొంటాడు. ఇంతలో లోపల ఎముక అరిగిపోతూ ఉంటుంది.

పనివలన వచ్చే నొప్పి విశ్రాంతితో తగ్గుతుంది. రుమటాయిడ్ అనే కీళ్లవాతము అటువంటిది కాదు. తెల్లవారి లేచినప్పుడు వేళ్ళు బిగుసుకొని అరగంట, గంట దాకా కదలవు. రెండు చేతుల చిన్న కీళ్లూ వాస్తాయి. ఇది స్త్రీలలో ఎక్కువ. కండెలు చుట్టే తల్లులు, అక్కచెల్లెళ్ళు దీనిని మగ్గం నొప్పి అనుకొని ఉపేక్షించరాదు. వాపు ఆరు వారాలు దాటితే కీళ్ల వైద్యనిపుణునికి చూపవలెను. మొదటి రెండేండ్లలోనే ఎముకకు తరుగు పట్టవచ్చును.

ఈ వ్యాధికి కొలత ఉన్నది. డాక్టరు 28 కీళ్లను నొక్కి చూచి, వాచినవెన్ని, నొప్పిగలవెన్ని అని లెక్కిస్తారు. రక్తంలో ఇ.ఎస్.ఆర్. చూస్తారు. రోగి తన స్థితిని నూటికి ఇంత అని చెప్పవలెను. అన్నీ కలిపితే ఒక అంకె వస్తుంది. అది 5.1 దాటితే వ్యాధి తీవ్రము, 2.6 కంటె తక్కువైతే అణగినట్లు. ఆ 28 కీళ్లలో 20 చేతివేళ్ళవే. పాదాలు మాత్రం ఈ లెక్కలో లేవు. కనుక తొక్కుడుచెక్క తొక్కేవారు పాదాల వాపును విడిగా చెప్పవలెను.

కొలత వలన లాభమేమి? స్కాట్లండులోని గ్లాస్గోలో సుమారు 110 మంది రోగులపై జరిగిన పరిశీలన 2004లో వెలువడినది. ఒక వర్గాన్ని నెలనెలా పిలిచి, కీళ్లు లెక్కించి, అంకె తగ్గనిచో మందు పెంచినారు, లేదా మార్చినారు. రెండవ వర్గానికి మామూలు వైద్యము. 18 నెలలకు మొదటి వర్గంలో నూటికి 65 మందికి వ్యాధి అణగినది. రెండవ వర్గంలో నూటికి 16 మందికే. ఉభయులకూ వాడినవి అప్పటికే తెలిసిన మందులే.

నొప్పిమాత్ర బాధను తగ్గించునే గాని ఎముకను కాపాడదు. ఏండ్ల తరబడి మింగితే కడుపుకు, మూత్రపిండాలకు చేటు. సాధారణంగా మొదట ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కనాడే వేసుకొనవలెను. రోజూ వేసుకొంటే ప్రాణాపాయము. దానితో ఫోలిక్ ఆమ్లము, క్రమంగా రక్తపరీక్ష తప్పవు. గర్భిణులు దీనిని వాడరాదు. బిడ్డను కోరేవారు ముందుగానే డాక్టరుకు చెప్పవలెను.

షోలాపూరులో డాక్టరు మరాఠీ మాట్లాడవచ్చు, సేలంలో తమిళం మాట్లాడవచ్చు. అంకెకు భాషాభేదం లేదు. కనుక ప్రతి ఇంటా ఒక చిన్న పుస్తకం పెట్టండి. వెళ్ళిన ప్రతిసారీ తేదీ, వాచిన కీళ్లు, ఇ.ఎస్.ఆర్., మందు మోతాదు వ్రాయించండి. "పోయినసారికన్న అంకె తగ్గినదా? తగ్గకపోతే ఏమి మార్పు చేస్తారు?" అని మర్యాదగా అడగండి. తెగిన పోగు అతికేది ఈ వేళ్ళే. వాటి లెక్క మనమే చూచుకొనవలెను.