పుస్తకం మూశాక మొదలయ్యే చదువు

పరీక్షలు దగ్గర పడేకొద్దీ ఇంటర్ పిల్లల పుస్తకాలు రంగు మారిపోతాయి. ముఖ్యమైన వాక్యం మీద పసుపు గీత, మరీ ముఖ్యమైతే ఆకుపచ్చ గీత. చదివిన పాఠమే మళ్లీ మళ్లీ, గంటల తరబడి. ఇంత కష్టపడ్డాక కూడా ప్రశ్నపత్రం చేతికొచ్చేసరికి ‘చదివిందే, గుర్తు రావట్లేదు’ అని తల పట్టుకునే పిల్లలు ఎందరో. వాళ్లకు బుర్ర లేదనో, శ్రద్ధ లేదనో పెద్దలు తేల్చేస్తుంటారు. చాలామంది విషయంలో అసలు తేడా చదివే పద్ధతిలో ఉంటుంది. ఉన్న సమయమంతా పాఠాన్ని బుర్రలోకి ఎక్కించడానికే పోతోంది. ఎక్కినదాన్ని పుస్తకం చూడకుండా బయటికి తీసే సాధన దాదాపు జరగడం లేదు. జ్ఞాపకాన్ని గట్టిపరిచేది ఆ సాధనే.

మరపు ఎంత తొందరగా పని మొదలుపెడుతుందో 1885లోనే జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ లెక్కగట్టి చూపాడు. అర్థం లేని అక్షరాల వరుసలను తానే కంఠస్థం చేసి, కొంత వ్యవధి తర్వాత వాటిని తిరిగి నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గుతోందో కొలిచాడు. ఇరవై నిమిషాలకు ఆదా అయిన శ్రమ 58 శాతం. ఒక రోజు గడిచాక అది 34 శాతానికి పడిపోయింది. నెల తర్వాత కూడా 21 శాతం మిగిలింది. అంటే పోయేదాంట్లో పెద్ద వాటా మొదటి రోజే పోతుంది, ఆ తర్వాత మరపు నెమ్మదిస్తుంది. అర్థమున్న పాఠం ఇంత వేగంగా జారిపోదుగానీ జారే తీరు మాత్రం ఇదే. ఆయన ఇంకో సంగతీ గమనించాడు: ఒకే రోజు 68 సార్లు వల్లె వేస్తే వచ్చిన ఫలితం, మూడు రోజుల మీద పంచుకుంటే 38 సార్లకే వచ్చింది.

ఎడం ఇచ్చి చదవడం ఒక మెట్టయితే, చూడకుండా గుర్తు చేసుకోవడం అంతకన్నా పెద్ద మెట్టు. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ దీన్ని పరీక్షించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని నాలుగు విడతలూ చదివారు. మరికొందరు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు 40 శాతం మిగిలితే, రాసినవాళ్లకు 61 శాతం మిగిలింది. తమకు ఎక్కువ గుర్తుంటుందని ముందుగా అనుకున్నది మాత్రం చదివినవాళ్లే. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఈ భ్రమే. బండి వెనక కూర్చుని పదిసార్లు వెళ్లొచ్చిన దారి బాగా తెలిసినట్టే ఉంటుంది, ఒంటరిగా నడుపుకుంటూ వెళ్లాల్సి వచ్చినప్పుడు మొదటి మలుపులోనే తడబడతాం. పుస్తకం ఎదురుగా ఉన్నంతసేపూ ప్రతి వాక్యం తెలిసినదే అనిపిస్తుంది. ఆ పరిచయాన్నే జ్ఞాపకమని పొరబడతాం.

తెలుగువాళ్లకు ఈ సాధన కొత్తది కాదు. అష్టావధానంలో అవధాని ఒక పృచ్ఛకుడికి పద్యంలో ఒక పాదం చెప్పి ఆపుతాడు, తర్వాతి పృచ్ఛకుడి దగ్గరికి వెళతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుతూనే ఉంటాడు. రెండో ఆవృత్తిలో మొదటి పద్యం దగ్గరికి తిరిగొచ్చినప్పుడు, ఆగినచోటు కాగితం చూడకుండా అందుకోవాలి. చివర ధారణలో పద్యాలన్నీ ఏకధాటిగా అప్పజెప్పాలి. అది పుట్టుకతో వచ్చిన ప్రతిభ, మామూలు పిల్లలకు చెల్లదు అనవచ్చు. ఆశువుగా పద్యం కట్టే శక్తి అందరికీ రాకపోవచ్చు. విరామం తర్వాత వెనక్కి వెళ్లి అందుకోవడమనే పద్ధతిని మాత్రం ఎవరైనా వాడుకోవచ్చు.

బైపీసీ అమ్మాయి కిరణజన్య సంయోగక్రియ చదువుతోందనుకుందాం. ఒకసారి శ్రద్ధగా చదివి పుస్తకం మూసి, కాల్విన్ వలయాన్ని తెల్లకాగితం మీద తనే గీయాలి. కార్బన్ డయాక్సైడ్‌ను ముందుగా అందుకునేదేమిటి, తొలి స్థిర పదార్థంలో కార్బన్ పరమాణువులెన్ని, ఏటీపీ ఎక్కడెక్కడ ఖర్చవుతుంది? ఎక్కడో ఒకచోట పెన్ను ఆగుతుంది. ఆగగానే పుస్తకం తెరవకుండా ఒకటి రెండు నిమిషాలు తన్నుకులాడాలి, ఆ తర్వాతే సరిచూసుకోవాలి. సరిచూసుకోవడం మానితే తప్పే గట్టిపడే ప్రమాదం ఉంది. మర్నాడొకసారి, మూడు నాలుగు రోజులకొకసారి, రెండు వారాలకొకసారి అదే బొమ్మ మళ్లీ వేయాలి. నిద్ర మానుకుని చేయాల్సిన పని కాదిది. చదివింది మెదడులో కుదురుకోవడానికి నిద్ర కావాలి.

ఇదంతా బట్టీని అందంగా చెప్పడమే కదా, అర్థం చేసుకుంటే చాలదా అని అడిగేవాళ్లున్నారు. అర్థం కాకుండా వల్లె వేయడం దండగే, అందులో వాదన లేదు. కానీ మనసు ఒక్కసారిగా పట్టి ఉంచగలిగే విషయాలు బహు కొద్ది, సుమారు నాలుగని ఇటీవలి పరిశోధకుల అంచనా. ఎక్కం కోసం తడుముకునే పిల్లవాడికి లెక్కలోని మెలిక గురించి ఆలోచించే చోటు మిగలదు. గట్టిగా గుర్తున్న విషయాలు ఆ చోటును ఖాళీ చేసి, ఆలోచనకు ఇస్తాయి.

కాస్త బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. వారం వారం పరీక్షలతో పిల్లలు ఇప్పటికే నలిగిపోతున్నారు, మళ్లీ పరీక్షలా? నిజమే, ర్యాంకు గోడకు అంటించే పరీక్ష భయాన్ని పెంచుతుంది. ఇక్కడ చెబుతున్న పరీక్షకు మార్కులుండవు, చూసేవాళ్లుండరు; పెన్ను ఎక్కడ ఆగిందో తనకు తెలిస్తే చాలు. పైగా చాలా స్లిప్ టెస్టులు నిన్నటి పాఠం వరకే అడిగి వదిలేస్తాయి. అలా వదిలేసిన పాఠం ఈఏపీసెట్ నాటికి ఎంత మిగులుతుందో ఊహించవచ్చు. ప్రతి స్లిప్ టెస్టులో రెండు ప్రశ్నలు గత నెల పాఠం నుంచి ఇచ్చి, మార్కులు వేయకుండా జవాబులు మాత్రం అక్కడికక్కడే చెప్పేస్తే సరిపోతుంది. ఏ కాలేజీ అయినా దీన్ని రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.