191 నుంచి 105కి: కోతతో వజ్రానికి వచ్చే విలువ

1851లో లండన్ మహా ప్రదర్శనలో కోహినూర్‌ను చూడ్డానికి జనం ఎగబడ్డారు. చూసిన చాలామంది పెదవి విరిచారు. మన కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే ఆ రాయి అప్పుడు ఇప్పటి లెక్కలో 191 క్యారెట్లు. బరువుకు లోటు లేదు, లోటల్లా మెరుపుకే. మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పనివాళ్లను రప్పించి, 38 రోజులు సానపట్టించారు. ఖర్చు 8,000 పౌండ్లు. చివరికి మిగిలింది 105.6 క్యారెట్లు. క్యారెట్ అంటే 0.2 గ్రాములు కాబట్టి, 17 గ్రాములు తరుగు కింద పోయాయి. అంటే నూటికి 45 పాళ్లు.

అంత తరుగుకు ఒప్పుకున్నది వెలుగు కోసం. వజ్రం వక్రీభవన గుణకం 2.42, మామూలు గాజుది 1.5. అందుకే వజ్రం సందిగ్ధ కోణం 24.4 డిగ్రీలే, గాజుకు దాదాపు 42. లోపలికి వెళ్లిన కాంతి అడుగు ముఖాలను లంబానికి 24.4 డిగ్రీల కంటే ఎక్కువ వాలుగా తాకితే బయటికి పోలేదు, మళ్లీ లోపలికే మళ్లుతుంది. అలా రెండు మూడు ముఖాల మీద మళ్లి పైనుంచి బయటపడితేనే కంటికి తళుకు. వాలు తప్పితే కాంతి అడుగు నుంచే జారిపోతుంది.

ఆ వాలు ఎంతుండాలో 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ లెక్కగట్టాడు. గుండ్రటి వజ్రానికి పైభాగం వాలు 34.5 డిగ్రీలు, అడుగు వాలు 40.75, పైనున్న చదునైన ముఖం వెడల్పు వ్యాసంలో 53 శాతం. ఇప్పటి కోతలు ఈ అంకెలకు కాస్త అటూ ఇటూ ఉంటాయి. అడుగు మరీ పలచబడితే, పైనుంచి చూసినప్పుడు నడుము అంచు తెల్లటి వలయంలా కనిపిస్తుంది. మరీ లోతైతే మధ్యలో నల్లబడుతుంది.

మరి లోతుగా ఎందుకు కోస్తారు? బరువు నిలుపుకోవడానికి. 0.98 క్యారెట్ల రాయి కంటే 1.00 క్యారెట్ రాయికి క్యారెట్ ధరే ఎక్కువ పలుకుతుంది. అందుకని నడుమునో అడుగునో మందంగా వదిలేసి ఒకటి దాటిస్తారు. ఆ భారం పైకి కనిపించదు. సరైన కోతలో 1 క్యారెట్ గుండ్రటి వజ్రం వ్యాసం సుమారు 6.5 మిల్లీమీటర్లు. వ్యాసంలో 66 శాతం లోతుంటే అదే క్యారెట్ 6.3 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. అంత వెడల్పు 60 శాతం లోతున్న 0.91 క్యారెట్ల రాయికీ వస్తుంది. అంటే 0.09 క్యారెట్లకు డబ్బు కట్టి, మెరుపు తక్కువ రాయిని ఇంటికి తెచ్చుకున్నట్టు.

అమెరికాకు చెందిన రత్నాల పరీక్షా సంస్థ జీఐఏ 2006 నుంచి గుండ్రటి వజ్రాలకు ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్ అని 5 మెట్లలో కట్ గ్రేడ్ ఇస్తోంది. కొనేముందు సర్టిఫికెట్‌లో ఆ గ్రేడుతో పాటు మిల్లీమీటర్లు, లోతు శాతం, రెండు వాలులూ చదవండి. లోతు 59 నుంచి 62.5 మధ్య, అడుగు వాలు 41 దగ్గర ఉంటే నమ్మకంగా ముందుకెళ్లొచ్చు. షోరూమ్ స్పాట్‌లైట్ల కింద ఏ రాయైనా మెరుస్తుంది కాబట్టి, ఒకే బరువున్న రెండింటిని పక్కపక్కన పెట్టించి, కిటికీ దగ్గరి మామూలు వెలుతుర్లో చూడండి. బడ్జెట్ సరిపోకపోతే బరువులో తగ్గండి, కట్‌లో తగ్గకండి.