ఒరిగే తెరచాప కొయ్య

హుస్సేన్‌సాగర్ నీళ్లు మూసీలో కలిసి కృష్ణకు పోతాయి. మన మానేరు గోదావరిది. అక్కడి తెరచాప పడవ లోయర్ మానేరు జలాశయానికో, సుల్తానాబాద్ దాటి గోదావరి ఒడ్డుకో రావాలంటే నీటి దారి లేదు. ట్రైలర్ ఎక్కి రాజీవ్ రహదారి మీద రావాల్సిందే. పడవ ట్రైలర్‌లో ఒదుగుతుంది. తెరచాప కొయ్యను మాత్రం నిలబెట్టి తేలేం, దించి పడుకోబెట్టాలి.

హుస్సేన్‌సాగర్‌లో పోటీలకు దిగే లేజర్ పడవకు ఈ తిప్పలు లేవు. 1970 ప్రాంతంలో కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ గీసిన పడవ అది. పొడవు 4.23 మీటర్లు. కొయ్య రెండు ముక్కలు, ఏ తాడూ పట్టి నిలపదు. కింది ముక్కలో పై ముక్కను దూర్చి, మొత్తాన్ని పడవలోని గుంతలో నిలబెడతారు. ఆట అయ్యాక ఒక్కరే పైకి లాగేస్తారు. చిక్కంతా అంతకంటే పెద్ద పడవలతోనే. ఫ్రాంక్ బట్లర్ 1969లో అమెరికాలో తెచ్చిన కాటలినా 22 ట్రైలర్ మీద తీసుకుపోయే పడవే కానీ, దాని కొయ్య పొడవు ఏడు మీటర్లకు పైమాటే. చుట్టూ ఉక్కు తాళ్లు లాగి పట్టుకుంటేనే అది నిలుస్తుంది.

కొయ్య దించడం నిన్నమొన్నటి పని కాదు. గ్రీకు కావ్యం ఇలియడ్ మొదటి సర్గలోనే ఓడ రేవుకు చేరగానే ముందు తాళ్లు వదులుతూ కొయ్యను దాని ఆనుడు మీదికి దించుతారు. ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్ నదుల్లో సరుకు పడవలు వంతెన వచ్చినప్పుడల్లా కొయ్యను ఒరిగించేవి. ఆ కొయ్య అడుగున టన్నుకు పైగా సీసం కట్టేవారు. ఆ బరువు సాయంతో అంత పొడుగు కొయ్యనూ ఒక్క మనిషి దించి లేపేవాడు. 1898లో కట్టిన ఆల్బియన్ అనే అలాంటి పడవ ఇప్పటికీ ఉంది.

ట్రైలర్ పడవలో టన్ను సీసం పెట్టలేం. అందుకే కొయ్య అడుగున మడతబందు పెట్టారు. దానికి తోడుగా ఒక చిన్న గడ వచ్చింది. ఈ గడ అంటే నాకు ఎంతో గౌరవం. అది బలాన్ని పెంచదు, కోణాన్ని మారుస్తుంది. లెక్క చూడండి. కొయ్య 8 మీటర్లు, 30 కిలోలు అనుకుందాం. అది పడవ వెనక వైపుకు పూర్తిగా పడుకుని ఉంది. కొయ్య కొసకు తాడు కట్టి పడవ ముక్కు దగ్గర నిలబడి లాగితే ఆ తాడు దాదాపు కొయ్య వెంటే పోతుంది. ఎంత లాగినా కొయ్య లేవదు, మడతబందు మీద ఒత్తిడి పెరుగుతుంది, అంతే. ఇప్పుడు కొయ్య అడుగున రెండు మీటర్ల గడను దానికి నిలువుగా బిగించి, కొయ్య కొస నుంచి వచ్చే తాడును గడ చివరకు కట్టండి. అక్కడి నుంచి రెండున్నర మీటర్ల ముందున్న పడవ ముక్కుకు మరో తాడు వేయండి. ఇప్పుడు 77 కిలోల లాగు చాలు. ఆ తాడునే గిరకల మీదుగా నాలుగు పేటలుగా తిప్పితే చేతికి పడేది సుమారు 20 కిలోలు, పైన గిరకల రాపిడి కొంత. దించేటప్పుడూ ఇవే తాళ్లు, ఇదే గడ. లాగడానికి బదులు మెల్లగా వదలడమే తేడా. బరువంతా చేతి మీదికి వచ్చేది కూడా నిటారుగా ఉన్నప్పుడు కాదు, నేలకు దగ్గరవుతున్నప్పుడు. సగం దిగింది కదా అని పట్టు సడలిస్తే అక్కడే జారిపోతుంది.

గడ ఒక్కటీ సరిపోదు. కొయ్య వెనక్కి ఒరిగే కొద్దీ పక్కల ఉన్న ఉక్కు తాళ్లు వదులవుతాయి. నిచ్చెనను ఒక్కరే దించుతుంటే పక్కకు వాలినట్టు కొయ్య కూడా వాలుతుంది, మడతబందు విరుగుతుంది. దీనికి మందు చిన్నదే. రెండు పక్కలా వేరే తాళ్లు కట్టి, వాటి కింది కొసలను మడతబందు సీలతో సరిగ్గా ఒకే వరుసలో, ఒకే ఎత్తులో బిగించాలి. కొయ్యా, ఆ తాళ్లూ ఒకే ఇరుసు చుట్టూ తిరుగుతాయి కాబట్టి మొదటి నుంచి చివరిదాకా తాళ్లు బిగువుగానే ఉంటాయి.

అన్నిటికంటే ముందు తల పైకెత్తి చూడాలి. కొయ్య అల్యూమినియంది, చుట్టూ ఉన్నవి ఉక్కు తాళ్లు, కరెంటుకు రెండూ దారే. మన ఊళ్లలో పొలాల మీదుగా, చెరువు గట్ల పక్కగా 11 కేవీ తీగలు పోతుంటాయి. తీగ కింద ట్రైలర్ ఆపి కొయ్య లేపడం గానీ దించడం గానీ చేయకూడదు. ముందు బండిని దూరంగా, పైన ఖాళీ ఉన్న చోటికి జరపాలి. ఆ తర్వాతే తాళ్లు విప్పాలి.